లేగ త్రాగిన పాలు: పాలమూరు కోడెల బాల్యము

చాలా దినాల తరువాత వ్రాస్తున్న టపా ఇది. పోయిన కార్తీకంలో కురుమూర్తి జాతరకు వెళ్ళివచ్చినప్పటినుండి ఒక ముసలి రైతు అడిగిన ప్రశ్న నా మనసులో మెదలుతూనే ఉన్నది. దానిని పట్టుకొని పోతే కౌటిల్యుడి దగ్గరికీ, అమ్రాబాదు అడవికీ, చివరకు మా ఇంటి కొట్టంలోకీ దారి తీసింది. కొంచెం పొడుగైన టపా. ఓపికతో చదవగలరు.

కురుమూర్తి క్షేత్రం మహబూబునగరం జిల్లా చిన్నచింతకుంట మండలంలో ఉన్నది. కొండమీద వేంకటేశ్వరుడు. దీపావళి వెళ్ళిన తరువాత జాతర మొదలవుతుంది. చిన్నవడ్డెమాను నుండి స్వామికి ఉద్దాలు, అనగా తోలు పాదరక్షలు, ఊరేగింపుగా వస్తాయి. వాటిని చేసేవారు మాదిగలు. పాలమూరు జనం ఆ ఉద్దాలను కన్నులకద్దుకొంటారు. పశువు బ్రతికినంతకాలం రైతుకు, పోయిన తరువాత దేవుడికి పనిచేస్తుందన్నమాట. ఆ ఉత్సవాన్ని గురించి మరొకసారి వ్రాస్తాను. నేను వెళ్ళినది పశువుల సంతకు.

అక్కడ అమ్మకానికి వచ్చే పశువులలో తూర్పు ఎడ్లు ప్రత్యేకం. పాలమూరు మైదానపు రైతుకు అమ్రాబాదు పీఠభూమి తూర్పున ఉన్నది. అక్కడినుండి వచ్చేవి తూర్పు ఎడ్లు. ఒంటిమీద పొడలు, అంటే మచ్చలు, ఉంటాయి గనుక పొడ తూర్పు అని మరొక పేరు. 2020లో కేంద్ర పశు జన్యువనరుల సంస్థవారు వీటిని ప్రత్యేక జాతిగా నమోదు చేశారు. ఒంగోలు గిత్తకు వందేళ్ళక్రిందటే సముద్రాలు దాటిన కీర్తి ఉన్నది. పాలమూరు తూర్పు ఎద్దుకు స్వదేశంలో కాగితం మీద పేరెక్కడానికి 2020 దాకా పట్టింది. మన ప్రాంతపు సంగతులు ఇంతే.

సంతలో బేరం ఎలా జరుగుతుందో పట్నవాసులకు తెలియకపోవచ్చు. అమ్మేవాడు, కొనేవాడు, మధ్యన దళారి. తువ్వాలు క్రింద వేళ్ళు పట్టుకొని ధర చెప్పుకొంటారు. చుట్టూ ఉన్నవారికి అంకె తెలియదు. దానికి ముందు పండ్లు చూస్తారు, సుడులు చూస్తారు, నడిపించి చూస్తారు. నేను నిలుచున్నచోట ఏడాదిన్నర వయసున్న కోడె ఒకటి ఉన్నది. ఇంకా పాలపండ్లే. దళారి దాని మూతి విప్పి చూపించబోతే, కొనవచ్చిన ముసలాయన చేతితో వారించి, అమ్మకందారును అడిగాడు:

"పండ్లు తర్వాత సూస్తగని, ఇది తల్లి కింద ఎన్ని నెలలు తాగింది?"

అమ్మేవాడు లంబాడా యువకుడు. "తల్లి ఇడిసిపెట్టేదాంక తాగింది తాతా. మేము పిండం గద!" అన్నాడు. ముసలాయన తలయూపి, అప్పుడు పండ్లు చూశాడు.

నేను దగ్గరికి పోయి, ఎందుకలా అడిగావని అడిగాను. "పండ్లు జూస్తే ఏండ్లు తెలుస్తయి సారూ, దాని సిన్నతనం తెల్వదు గద" అన్నాడు. అంతకన్న వివరించలేదు, తువ్వాలు క్రింద చేయి పెట్టాడు.

ముప్పదియేండ్లకు పైగా పిల్లలకు తెలుగు చెప్పినవాడిని గనుక ముందు మాటలదగ్గరికే పోతాను. సంస్కృతంలో వత్సమంటే లేగదూడ. ఏడాదిని చెప్పే వత్సర శబ్దంతో దీనికి చుట్టరికమున్నదని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. ఏడాది ప్రాయపు పశువు అన్నది మూలార్థం కావచ్చునట. వత్సల అంటే లేగమీద ప్రాణం పెట్టుకొన్న ఆవు. దానినుండి వాత్సల్యం. మనం మన బిడ్డలమీద చూపే ప్రేమకు పెట్టుకొన్న పేరు ఆవును చూసి నేర్చుకొన్నదేనన్నమాట. తెలుగులో లేగ, క్రేపు, తువ్వాయి, పెయ్య, కోడె, గిత్త, దుడ్డె అని వయసునుబట్టీ, ఆడమగలనుబట్టీ, ఆవు బఱ్ఱెలనుబట్టీ ఎన్ని మాటలో! వీటన్నింటికన్న నాకు అబ్బురమనిపించేది చేపు అనే క్రియ. దూడను చూడగానే, అది మూతితో పొదుగును కుమ్మగానే తల్లికి పాలు దిగడాన్ని చేపడం అంటాము. ఈ ఒక్క చిన్న క్రియలో పశుపోషణలోని తగాదా అంతా ఇమిడి ఉన్నది. దూడ లేనిదే ఆవు చేపదు. చేపిన తరువాత పాలు దూడకు దక్కనీయము.

ఈ తగాదా పాతది. ఎంత పాతదో తెలియాలంటే అర్థశాస్త్రం చూడాలి. ఆ గ్రంథం చాలాకాలం పేరుకే మిగిలిపోగా, మైసూరులో శామశాస్త్రిగారు తాళపత్ర ప్రతిని పరిష్కరించి 1909లో అచ్చువేయించిన సంగతి చాలామందికి తెలిసినదే. అందులో రెండవ అధికరణంలో గోఽధ్యక్షుడి ప్రకరణమొకటి ఉన్నది. రాజుగారి మందలను కాచే గోపాలకుడికి, పాలు పిదికేవాడికి, చిలికేవాడికి, మృగాలనుండి కాపాడే వేటగాడికి జీతం రొక్కంగానే ఇవ్వాలని కౌటిల్యుడు విధించాడు. పాలు నెయ్యి జీతంగా ఇస్తే ఏమవుతుంది? దూడలు చచ్చిపోతాయని ఆయనే కారణం చెప్పాడు. ఎక్కువ పాలు పిదికినకొద్దీ పనివాడి కడుపు నిండుతుంది, లేగ కడుపు మాడుతుంది. మనిషి ఆశనూ లేగ ఆకలినీ ఒకే త్రాసులో వేసి చూచిన లెక్క ఇది. ఆర్థికశాస్త్రం చదివినవారు దీనికి పెద్ద పేరేదైనా పెడతారేమో! వానకాలం మొదలు హేమంతం దాకా రెండు పూటలు పిదకవచ్చును. శిశిర వసంత గ్రీష్మాలలో ఒక్క పూటే. గడ్డి లేని ఆ ఋతువులలో రెండవసారి పిదికినవాడికి బొటనవ్రేలు నరకడమే శిక్ష. శిక్ష ఘోరమైనదే, నేను సమర్థించను. అయితే ఆ వ్రేలు పొదుగుమీదికి పోయే వ్రేలని గమనించాలి. ముక్కు కుట్టడానికి, మరపడానికి, కాడి కట్టడానికి తగిన కాలం దాటబెట్టినవాడికీ దండన ఉన్నది. కోడె బాల్యానికి కాలపట్టిక ఒకటి ఉన్నదని, అది తప్పితే తరువాత దిద్దుకోలేమని ఆనాటివారికి తెలుసు.

ఇక మన తెలంగాణ మెట్టకు వస్తాను. పదిహేడవ శతాబ్దంలో గోలకొండ వజ్రాలకోసం వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే, దారిలో ఎదురయ్యే బంజారాల బిడారులను వర్ణించాడు. పదివేలు, పన్నెండువేలు ఎడ్లు ఒక్కసారిగా ధాన్యం, ఉప్పు మోసుకొంటూ పోతుంటే ఇరుకుదారులలో బాటసారులు దినాల తరబడి ఆగవలసివచ్చేదట. మొగలుల సైన్యాలకు, ఆసఫ్జాహీల సైన్యాలకు తిండి అందించినవి ఆ ఎడ్లే. అవి బండి ఎడ్లు కావు. వీపుమీద గోనెలు మోసేవి. నడిచే మందలోనే ఈనేవి, ఆ మందతోనే లేగలు నడక నేర్చేవి. ఎవరో పనిగట్టుకొని నేర్పే పాఠం కాదది. 1874లో వాడి నుండి సికింద్రాబాదుకు రైలుమార్గం పడిన తరువాత ఆ వర్తకం క్రమంగా కూలిపోయింది. దేవరకొండ, అచ్చంపేట ప్రాంతాలలో తండాలు కట్టుకొని నిలిచిన లంబాడాలకు మిగిలిన విద్య పశుపోషణ. అమ్రాబాదు మందలు వారి చేతిలోను, గొల్లల చేతిలోను పెరిగినవి.

నేను కొన్నేళ్ళు అచ్చంపేట వైపు బడిలో పనిచేశాను. ఆదివారాలు పిల్లల వెంట తండాలకు పోయేవాడిని. అక్కడ పదుల కొద్దీ ఆవులున్న ఇంటిలో కూడ చాయకు పాలు లేకపోవడం చూచి మొదట ఆశ్చర్యపోయాను. వారు మందను పెంచేది పాలకొరకు కాదు, కోడెలకొరకు. "పాలు పిండితే ఇయ్యాల పైస వస్తది, కోడె పోతది" అన్నాడొక నాయక్. లేగ తల్లివెంటనే అడవికి పోయేది. ఏ ఆకు తినాలో తల్లి మూతిని చూచి నేర్చేది. చిరుత వాసన వస్తే మంద ఎట్లా గుంపుకడుతుందో, ఎండాకాలంలో నీళ్ళు ఏ వాగు మలుపులో నిలుస్తాయో తల్లుల వెనుక నడిచి తెలుసుకొనేది. ఏడాది, రెండేళ్ళు నిండగానే మైదానపు రైతుకు అమ్ముడుపోయేది.

ఇటువంటి ఏర్పాటు మన దగ్గరే కాదు, మైసూరులోను ఉండేది. ఒడయరుల కాలంలో మొదలై, హైదరు పెంచగా, టిప్పు సుల్తాను అమృతమహలు అని పేరుపెట్టిన మందలవి. ఫిరంగులు లాగే ఎడ్లకోసం కావళ్ళని పిలిచే విశాలమైన బీళ్ళలో, సగం అడవి మృగాలవలె వాటిని పెరగనిచ్చారు. 1799లో శ్రీరంగపట్నం పడిన తరువాత అవి ఆంగ్లేయుల పాలైనవి. వారు 1860లో దండుగ ఖర్చని మందలను అమ్మివేసి, తప్పు తెలిసి 1866లో మళ్ళీ నెలకొల్పుకొన్నారు. అటువంటి ఎద్దును బజారులో అప్పటికప్పుడు కొనలేమని, దానిని లేగప్రాయంనుండే పెంచుకోవాలని ఖర్చుపెట్టి తెలుసుకొన్నారు పాపం.

ఇప్పుడు మా ఇంటి సంగతి. దీనిని ఇదివరకెక్కడా వ్రాయలేదు.

మాది నల్లగొండ జిల్లాలో దేవరకొండ వైపు మెట్టపల్లె. 1967లో నాగార్జునసాగరం నీళ్ళు విడిచినప్పుడు మిర్యాలగూడ, హుజూరునగరం వైపు పచ్చబడినవి. మా వైపు ఆముదాలు, జొన్నలే. నా చిన్ననాడు బావులమీద మోటలింకా కొన్ని మిగిలి ఉండేవి. మోట కొట్టే ఎద్దు మామూలు ఎద్దు కాదు. తొండం నిండినప్పుడు పల్లంలోకి లాగుతూ దిగాలి, ఖాళీ అయినప్పుడు వెనుకకు నడుస్తూ బావిగడ్డకు ఎక్కాలి. వెనుకకు నడవడం ఏ పశువుకూ ఇష్టముండదు. మనిషి మాటను నమ్మిన ఎద్దే కన్ను కనబడని వైపునకు అడుగు వేస్తుంది.

1972లో కరువు వచ్చింది. నాకు పదకొండేళ్ళు. మా నాయనకు ఒక తూర్పు కోడె ఉండేది, అంతకుముందటి ఏడు కురుమూర్తిలో కొన్నది. దానికి జత కావాలి. కొనడానికి పైకం లేదు. ఇంట్లో ఆవు ఈనింది, కోడెదూడ పుట్టింది. ఇదే జత అవుతుందని నాయన సంబరపడ్డాడు. బస్సులాగేచోట ఒక చాయ హోటలు ఉండేది. అక్కడ పాలకు రొక్కమిస్తారు. జొన్నలు కొనాలంటే ఆ రొక్కమే ఆధారం. లేగను విడిచి, ఆవు చేపగానే గుంజి కట్టివేయడం నా పని. ఆనవాయితీ ప్రకారం ఒక చన్ను లేగకు వదలాలి. మొదట్లో వదిలాము. తరువాత సగం చన్ను. ఆ తరువాత చేపించడానికి మూతి తగిలించి గుంజివేయడమే. ఎవరూ నాకు చెప్పలేదు. అర్ధపావు ఎక్కువ తెస్తే అమ్మ ముఖంలో కనబడే వెలుగుకోసం నేనే త్వరగా గుంజడం మొదలుపెట్టాను. లేగ కాళ్ళు బిగబట్టేది. మెడలో తలుగు కోసుకొనిపోయేది. కొన్నాళ్ళకు నన్ను చూస్తేనే గుంజకు అవతలివైపునకు తిరిగేది.

అది చచ్చిపోలేదు. కడుపు జారి, వెంట్రుకలు మొరటుదేరి, ఎట్లాగో బ్రతికింది. మూడేళ్ళకు కాడి కడితే పని కాలేదు. బలం లేకపోవడం ఒకటే కాదు. మనిషి చేయి మెడమీదికి వస్తే వణికి కూలబడేది. ముల్లుగఱ్ఱతో పొడిచినా, తోక మెలిపెట్టినా లేచేది కాదు. ప్రక్కన తూర్పు కోడె నిలబడి దానివైపు చూస్తుండేది. ఇటువంటి ఎద్దును మావైపు పండుకొనే ఎద్దు అంటారు. సంతలో దానికి రైతు గిరాకి ఉండదు. నాయన దానిని అమ్మివచ్చిన దినం రాత్రి ఎవరికి అమ్మావని అమ్మ అడగలేదు.

అది వంశదోషమని ఊరిలో అన్నారు. సుడి మంచిది కాదన్నారు. నేను కూడ చాలా ఏండ్లు అట్లాగే అనుకొన్నాను. అనుకోవడం నాకు అనుకూలంగా ఉండేది.

ఇటీవలి కాలంలో పశుశాస్త్రజ్ఞులు వ్రాసినవి చదివినప్పుడు ఆ లేగ మళ్ళీ ఎదుటికి వచ్చింది. 1964లో ఇంగ్లండులో రూత్ హారిసన్ అనే ఆమె యంత్రశాలలవంటి కొట్టాలలో పెరిగే దూడలను, కోళ్ళను గురించి ఒక పుస్తకం వ్రాసింది. దానిమీద కలిగిన అలజడి మూలంగా ప్రభుత్వం బ్రాంబెల్ కమిటీని వేసింది. 1965లో నివేదిక వచ్చింది. మన దేశంలో అంతకుముందే, 1960లో, రుక్మిణీదేవి అరండేల్ పట్టుదల ఫలితంగా జీవహింస నివారణ చట్టం వచ్చిందన్నది గుర్తుపెట్టుకోదగినది. అయితే మన చట్టం ఎక్కువగా చూచినది మోత బరువును, దెబ్బను, ఆకలిని. పెరిగిన ఎద్దు వీపుమీది పుండు కనబడుతుంది. లేగప్రాయంలో పడినది కనబడదు.

దానిని కనబడేటట్లు చేసినవారిలో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంవారు ముఖ్యులు. వారొక చక్కని పరీక్ష పెట్టారు. కొన్ని దూడలను ఒంటరిగాను, కొన్నింటిని జతగాను పెంచారు. ఒక రంగు తెర కనబడితే పాలు దొరుకుతాయని, మరొక రంగు కనబడితే దొరకవని నేర్పారు. ఒంటరివీ జతవీ రెండూ నేర్చుకొన్నవి. తరువాత రంగులు తారుమారు చేశారు. జతగా పెరిగినవి దిద్దుకొన్నవి; ఒంటరివి దిద్దుకోవడానికి చాలా తంటాలు పడినవి. 2014లో ప్రకటితమైన ఈ పరిశోధన చదివినప్పుడు నాకు దాపల వలపల జ్ఞాపకం వచ్చినవి. దాపటెద్దును వలపట కడితే కొన్ని రెండు చాళ్ళలో సర్దుకొంటాయి, కొన్ని జన్మలో సర్దుకోవు. కొట్టంలో ఒంటిగా గుంజకు కట్టి పెంచినదానికీ, బంచరాయిలో తోటి లేగలతో గంతులువేసి పెరిగినదానికీ ఆ తేడా వస్తుందేమోనని నా ఊహ. పరిశోధన చేసినవాడిని కాను. రెండు జతల వెనుక నడిచినవాడిని మాత్రమే.

గంతుల మాట వచ్చింది గనుక: ఆకలిగొన్న దూడ ఆడడం మానివేస్తుందని కూడ వారు కొలిచి చూపించారు. దీనికి కొలత అక్కరలేదు, ఏ ముసలమ్మనడిగినా చెబుతుంది.

జున్నును గురించి చెప్పడానికి కొంత సంకోచంగా ఉన్నది, ఎందుకంటే నాకు జున్ను చాలా ఇష్టం. ఆవు ఈనితే వాడకంతా ముఱ్ఱుపాలు పంచడం మన మర్యాద. కాని పశువులలో తల్లి రక్తంలోని రక్షణశక్తి మానవశిశువుకు వలె గర్భంలో బిడ్డకు చేరదు. అది ముఱ్ఱుపాల ద్వారానే రావాలి. లేగ ప్రేగు ఆ శక్తిని పీల్చుకోగలిగేది పుట్టిన తొలి దినమే. గంటలు గడిచినకొద్దీ ఆ ద్వారం మూసుకుపోతుంది. కనుక మొదటిపూట పాలు లేగకు కడుపారా పట్టించి, మిగిలినవి వండుకొంటే ఎవరికీ నష్టం లేదు. మావి పడేదాకా దూడను త్రాగనీయరాదనే ఆచారం కొన్ని ఊళ్ళలో ఉన్నది. తల్లికి మావి పడడానికి దూడ త్రాగడమే సాయపడుతుంది. ఆచారం తలక్రిందులుగా ఉన్నదన్నమాట.

ఇంతవరకు చదివినవారు అడవిలో పెరిగిన కోడె సుఖి, ఇంట పెరిగినది దుఃఖి అని తీర్మానించుకోవచ్చు. అంత సులభం కాదు. తూర్పు కోడెకు పాలున్నవి, మంద ఉన్నది. మనిషి పరిచయం మాత్రం తక్కువ. పిల్లప్రాయంలో మనిషి చేతి మెత్తదనం ఎరిగిన పశువు పెద్దయిన తరువాత మనిషిని చూచి బెదరదని, ఎరగనిది దూరంగా జరుగుతుందని పలుదేశాలలో నిరూపించారు. అటువంటప్పుడు అడవి కోడెను పాలమూరు రైతు ఎట్లా లొంగదీశాడు? నేను చూచినంతలో మంచి రైతు వెంటనే కాడి కట్టడు. తెచ్చిన ఏడాది ఊరికే ఉంచుతాడు. ఇంటి పిల్లలు దానికి నీళ్ళు పెడతారు, గోకుతారు, గంగడోలు సవరిస్తారు, పేరుపెట్టి పిలుస్తారు. పాత ఎద్దు ప్రక్కనే కట్టి మేత వేస్తారు. తరువాత ఉత్త కాడి, ఆ తరువాత మెత్తని దుక్కిలో గుంటుక, చివరికి నాగలి, బండి. కోడెకు ఇది రెండవ బాల్యం వంటిది. మొదటిది తల్లి ఇచ్చింది, రెండవది ఇంటివారు ఇవ్వాలి. మా లేగకు రెండూ దక్కలేదు.

ఈ ఏర్పాటు ఎందుకు చెదిరిందో క్లుప్తంగా చెబుతాను. మోటలస్థానంలో కరెంటు మోటార్లు వచ్చినవి. ఊరి బంచరాయిలు పట్టాలయినవి. 1970లో పాలవెల్లువ పథకం దేశంలో మొదలయింది, 1974లో మన రాష్ట్రంలో పాడిపరిశ్రమాభివృద్ధి సంస్థ ఏర్పడింది. పల్లెపల్లెకూ పాలు కొలిచే కేంద్రాలు వచ్చినవి. వాటిమూలంగా నా వంటి మెట్టపల్లె కుటుంబాలు ఎన్నో కరువులో బ్రతికినవి, ఎంతోమంది పిల్లలు చదువుకొన్నారు. పాల డబ్బుతో ఫీజు కట్టుకొన్న శిష్యులు నాకున్నారు. కాని కొలతపాత్ర ముందు నిలబడినప్పుడు కౌటిల్యుడు భయపడినదే జరిగింది. సంకర ఆవులకు పుట్టిన కోడెదూడ నాగలికి రాదు, పాలివ్వదు. దానికి పాలు పట్టడం నష్టమని తలచినచోట అది కొన్ని వారాలకే తీసుకుపోయింది. చచ్చిన దూడ తోలులో గడ్డి కుక్కి బఱ్ఱె ముందు నిలబెట్టి చేపించడం నేను కళ్ళారా చూచాను. తల్లి దానిని నాకుతుండేది. తరువాత ఆక్సిటోసిన్ సూదిమందు వచ్చి ఆ బొమ్మను కూడ అనవసరం చేసింది.

అటు అడవిలోనూ మేత దారులు కుంచించుకుపోయినవి. 1978లో నాగార్జునసాగరం శ్రీశైలం ప్రాంతం అభయారణ్యమయింది, 1983లో పులుల రక్షితప్రాంతమయింది. తెలంగాణ వచ్చిన తరువాత ఇవతలి భాగం అమ్రాబాదు పేరుతో వేరయింది. పులికీ హక్కు ఉన్నది, ఆవుకూ ఆకలి ఉన్నది. ఈ తీర్పు చెప్పడం నావల్ల కాదు.

గొఱ్ఱెల సంగతి ఒకటి చెప్పక తప్పదు. గొఱ్ఱెపిల్ల ఏ మొక్క తినదగినదో తల్లివెంట మేస్తూ నేర్చుకొంటుందని, ఆ చదువు పెద్దయినా మరచిపోదని అమెరికాలోని యూటా రాష్ట్రంలో ప్రొవెంజా అనే ఆచార్యుడు ఏండ్ల తరబడి పరీక్షించి చూపాడు. మన గొల్లకురుమలకు ఇది తాతలనాటి జ్ఞానం. క్రొత్త బీటికి మందను తోలేటప్పుడు ఆ బీడు ఎరిగిన ముసలి గొఱ్ఱెలను ముందు నడిపిస్తారు. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఇరవై గొఱ్ఱెలు, ఒక పొట్టేలు చొప్పున, నూటికి డెబ్బదియైదు వంతుల రాయితీతో పంచినప్పుడు మందలను ఇతర రాష్ట్రాలనుండి లారీలలో తెచ్చారు. ఉద్దేశం గొప్పది, నిలిచిన కుటుంబాలున్నవి. కాని ఎక్కడో తడినేలలో తల్లి మూతి చూచి మేత నేర్చిన గొఱ్ఱెను నల్లగొండ రాళ్ళబీటిలో దింపితే దానికి ఇక్కడి ఆకు అక్షరం తెలియదు. నేర్పడానికి ఆ నేల ఎరిగిన ముసలిగొఱ్ఱె లారీలో రాలేదు. దారిలోను, దిగిన తరువాతను చనిపోయిన జీవాల వార్తలు ఆనాడు పత్రికలలో చదివినప్పుడల్లా, రోగమొకటే కారణమా అని అనుకొనేవాడిని.

కోళ్ళదగ్గర మాత్రం ఒక మంచిపని జరిగింది. రాజేంద్రనగరంలోని కోళ్ళ పరిశోధన సంస్థవారు పెరటికోసం తయారుచేసిన వనరాజా పిల్లలను పుట్టగానే పల్లెకు పంపరు. ఐదారు వారాలు వెచ్చదనంలో సాకి, టీకాలు వేసి, ఆ తరువాత ఇస్తే బ్రతుకుతాయని పద్ధతి పెట్టారు. తల్లికోడి రెక్కక్రింద గడపవలసిన దినాలు దీపంక్రింద గడుస్తాయి. గద్దను చూచి దాగడం మాత్రం దీపం నేర్పదు; పెరట్లోని నాటుకోడిని చూచి నేర్చుకోవలసిందే.

మళ్ళీ కురుమూర్తికి. బేరం కుదిరింది. ఎంతకో నాకు తెలియదు, తువ్వాలు క్రింది రహస్యం. ముసలాయన కొంగున ముడివేసి తెచ్చిన క్రొత్త పలుపు తీసి కోడె మెడకు కట్టాడు. పాత పలుపు లంబాడా యువకుడు విప్పి తన భుజాన వేసుకొన్నాడు. పశువును అమ్మినా పలుపు అమ్మరు. ఊరెంత దూరమని అడిగితే రెండు దినాల నడక అన్నాడు ముసలాయన. ప్రక్కన డీసీఎం వాహనాలు వరుసగా ఉన్నవి, అందరూ వాటిలోనే ఎక్కించుకొంటున్నారు గదా అన్నాను.

"బండ్ల ఎక్కిస్తే బెదురుతది సారూ. నడిపిచ్చుకపోత. రెండొద్దులు నా యెంట నడిస్తె నేనెవరో దానికి తెలుస్తది" అన్నాడు.

నాకు దాని నుదుటిమీద చేయి వేయాలనిపించింది. అరచేయి చాపి దగ్గరికి పోయాను. కోడె చెవులు నిక్కించి, ఒక అడుగు వెనుకకు వేసింది. నేను ఆగిపోయాను. ముసలాయన నవ్వి, "కొత్త గద సారూ, జెర నిలవడుండ్రి" అన్నాడు. చేయి చాపి ఉంచి, అట్లాగే కొంతసేపు నిలబడ్డాను.